రెండు గడియారాల ఇల్లు: 72 ఏళ్ల టీచరుగారి కేసు

మేం పెద్దవాళ్లకు సలహాలిచ్చేవాళ్లం. మనసు ఈ రోజులో నిలవని ఒక టీచరుగారి కేసు ఇది, ఆమె అనుమతితోనే రాస్తున్నాం. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాం. వయసు, మందులు, కొలతలు, ఏది ముందు ఏది వెనుక అన్నది మాత్రం మార్చలేదు. ఈ కేసులో పాఠమంతా ఆ వరుసలోనే ఉంది.

నేపథ్యం

వయసు 72. ప్రభుత్వ ప్రాథమికోన్నత పాఠశాలలో 31 ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. గోదావరి జిల్లాల్లో ఒక పట్టణం, లిఫ్టున్న అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు. భర్త గుండెపోటుతో పోయి రెండున్నరేళ్లు. కొడుకు అమెరికాలో సెంట్రల్ టైమ్ ప్రాంతంలో ఉంటాడు, కూతురు బెంగళూరులో. పింఛనుకు లోటు లేదు. పొద్దున పూట పనిమనిషి వస్తుంది. అపార్ట్‌మెంటులో అందరూ ఆమెను టీచరుగారనే పిలుస్తారు. మేమూ అలాగే పిలిచాం.

ఇంట్లో గోడ గడియారాలు రెండు. హాల్లోది మన టైము. పడకగదిలో మంచానికి ఎదురుగా ఉన్నది కొడుకు ఊరి టైము. మొదటిసారి వచ్చినప్పుడు ఈ సంగతి ఆమె మామూలు విషయంగా చెప్పారు. మేమూ మామూలుగానే రాసుకున్నాం. దాని బరువు తెలియడానికి నెల పట్టింది.

వచ్చిన ఇబ్బంది

ఫిబ్రవరి చివర్లో ఫిజీషియన్ మా దగ్గరికి పంపారు. ఆయన రాసింది నిద్రలేమి, మతిమరుపు అని. పిల్లల భయం డిమెన్షియా. నెలలో రెండుసార్లు పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది, తాళంచెవి తలుపుకే వదిలేశారు. ఆమె చెప్పిన మాట మాత్రం వేరు: "కాఫీ తాగానో లేదో గ్లాసు చూస్తేగానీ తెలియట్లేదమ్మా."

ఆ మాటే మాకు దారి చూపింది. మరిచిపోవడం వేరు, అసలు మనసులోకి ఎక్కకపోవడం వేరు. కాఫీ తాగుతున్నంతసేపూ మనసు మరోచోట ఉంటే గుర్తుండడానికి లోపల ఏమీ ఉండదు. జ్ఞాపకశక్తి పరీక్ష తెలుగులో చేశాం. ఒక పేరు, చిరునామా చెప్పి కాసేపయ్యాక అడిగితే కొంత తప్పారు. చిన్న ఆధారం ఇవ్వగానే దాదాపు అంతా చెప్పారు. డిమెన్షియా తొలి దశలో, ముఖ్యంగా అల్జీమర్స్‌లో, ఆధారం ఇచ్చినా చాలావరకు తిరిగి రాదు. అలాగని ఒక్క పరీక్షతో డిమెన్షియా లేదని తేల్చలేదు. ఆరు నెలలకు మళ్లీ చేయాలని రాసుకున్నాం.

వయసు పైబడినవాళ్ల కుంగుబాటును కొలిచే 15 ప్రశ్నల పట్టికలో 8 వచ్చింది. 5 దాటితే పట్టించుకోవాలి. ఆత్మహత్య ఆలోచనల గురించి నేరుగా అడిగాం, లేవన్నారు. అయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416ను పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాం.

మాటల్లో ఇంకొకటి కనిపించింది. మొదటి గంటలో "వాళ్లొచ్చాక" అన్న మాట 11 సార్లు దొర్లింది. ఫ్యాను బాగుచేయించడం వాళ్లొచ్చాక. కళ్లజోడు మార్చడం వాళ్లొచ్చాక. పిల్లలు వచ్చేది డిసెంబరులో. మిగతా మాటల్లో ఎక్కువ భాగం భర్త పోయిన రాత్రి గురించి. కడుపు పైభాగంలో నొప్పి అంటే గ్యాస్ అనుకుని మాత్ర ఇచ్చి పడుకోబెట్టారు, తెల్లవారకముందే పోయారు. అంటే ఆమె రోజులో సగం ఆ రాత్రిలో గడుస్తోంది, సగం డిసెంబరులో. రాత్రి 2 గంటలకు మెలకువ వస్తే ఎదురుగా ఉన్న గడియారం మధ్యాహ్నం రెండున్నర చూపిస్తుంది. మనవడు బడి నుంచి వచ్చే వేళ. ఫోన్ తీసి కొడుకు వాట్సాప్‌లో చివరిసారి ఎప్పుడు కనిపించాడో చూస్తారు.

వయసు పెరిగేకొద్దీ మనిషి సహజంగానే ఈ రోజుకు దగ్గరవుతాడని స్టాన్‌ఫర్డ్‌లో లారా కార్‌స్టెన్‌సెన్ చాలా ఏళ్లుగా చెబుతున్నారు. మిగిలిన కాలం కొద్దిదని తెలిసినప్పుడు దూరపు లక్ష్యాలు వెనక్కు పోయి, దగ్గరి మనుషులూ ఇప్పటి తృప్తీ ముందుకొస్తాయని ఆమె సిద్ధాంతం. మేం చూసే చాలామంది పెద్దవాళ్ల విషయంలో అది నిజమే. అందుకే టీచరుగారి విషయంలో మా ప్రశ్న, ఈమెకు వర్తమానంలో ఉండడం ఎలా నేర్పాలి అన్నది కాకూడదు. ఉండనివ్వనిది ఏది అన్నది కావాలి. మేం అలా అడగలేదు. నేర్పడంతో మొదలుపెట్టాం.

మొదట చేసినవి, ఫలించనివి

1979లో మసాచుసెట్స్‌లో జాన్ కబాట్ జిన్ మొదలుపెట్టిన ఎనిమిది వారాల ధ్యాస (మైండ్‌ఫుల్‌నెస్) శిక్షణ ఇప్పుడు ప్రపంచమంతా వాడుకలో ఉంది. దాన్ని కుదించి, రోజూ పొద్దున 20 నిమిషాలు కళ్లు మూసుకుని శ్వాసను గమనించమన్నాం. ఫోన్‌లో వినే సూచనలు ఇచ్చాం. ఎంచుకోవడానికి కారణం ఉంది: ఖర్చు లేదు, మందు పెంచక్కర్లేదు, పైగా ఆమె క్రమశిక్షణ ఉన్న మనిషి.

తొమ్మిది రోజులు తు.చ. తప్పకుండా చేశారు. పదో రోజు ఫోన్ చేసి కూతురు చెప్పింది, అమ్మ నిద్ర ఇంకా పాడైందని. టీచరుగారు మాకు చెప్పలేదు. మేం నొచ్చుకుంటామని ఒకటి, మనసు నిలవకపోవడం తన లోపమని ఇంకొకటి. పెద్దవాళ్ల విషయంలో ఇది తరచూ జరుగుతుంది. "ఎలా ఉంది?" అంటే "బాగానే ఉంది" అంటారు. "ఏ నిమిషంలో కష్టమైంది?" అని అడిగితేనే అసలు సంగతి బయటికి వస్తుంది.

అలా అడిగితే మూడు విషయాలు తెలిశాయి. కళ్లు మూసుకోగానే చెవిలో హోరు పెద్దదవుతోంది. ఫోన్‌లోని గొంతు మెత్తగా ఉండడంతో సగం మాటలు వినపడట్లేదు, వినడానికి కష్టపడటంతోనే సరిపోతోంది. మూడోది అన్నిటికంటే ముఖ్యం. తన ఊపిరి మీద ధ్యాస పెట్టగానే భర్త ఆఖరి ఊపిరి గుర్తొస్తోంది. ఆ రాత్రి పక్కనే కూర్చుని ఆమె చూసింది దాన్నే.

శ్వాస అందరికీ ఒకేలాంటి ఆధారం కాదు. ఆయాసం ఉన్నవాళ్లకు, అయినవాళ్ల ఊపిరి ఆగిపోవడం కళ్లారా చూసినవాళ్లకు అదే భయాన్ని తట్టిలేపుతుంది. మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న అది, అడగలేదు. శ్వాస ధ్యానం ఆపించాం. లోపం పద్ధతిది, మీది కాదని స్పష్టంగా చెప్పాం.

రెండో తప్పు ఫోన్ విషయంలో. రోజుకు ఆరేడుసార్లు ఫోన్ చూసుకోవడం, రెండు మూడుసార్లు మాట్లాడటం తగ్గించమన్నాం. వారానికి దిగులు పెరిగింది. మాట్లాడటం తగ్గిందేగానీ చూసుకోవడం తగ్గలేదు. తీసేసిన చోట ఇంకేదీ పెట్టలేదు కాబట్టి ఆ ఖాళీని ఊహలు నింపాయి. రోజూ మూడు మంచి విషయాలు రాసే పుస్తకం కూడా ఇచ్చాం. హోంవర్కులా నీటుగా రాసి తెచ్చారు, మూడు వారాల పేజీలు ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. దాన్నీ వదిలేశాం.

మళ్లీ మొదటి నుంచి

ఈసారి మనసును పక్కన పెట్టి ఒంటి నుంచి మొదలుపెట్టాం. మందులన్నీ సంచీలో వేసుకుని తెమ్మన్నాం. చీటీలో ఉన్నవి మాత్రమే చూస్తే ఈ కేసు తేలేది కాదు.

సంచీలో ఉన్నవి: బీపీకి టెల్మిసార్టన్, షుగరుకు 11 ఏళ్లుగా మెట్‌ఫార్మిన్, భర్త పోయినప్పుడు పది రోజులకని రాస్తే రెండున్నరేళ్లుగా సాగుతున్న ఆందోళన, నిద్ర మాత్ర ఆల్ప్రజోలమ్ 0.5 మిల్లీగ్రాములు, జలుబుకని షాపులో కొన్న క్లోర్‌ఫెనిరమిన్ ఉన్న మాత్రలు వారానికి నాలుగైదు. చివరి రెండూ పెద్ద వయసులో ధ్యాసను మందగింపజేస్తాయి, పడిపోయే ప్రమాదాన్ని పెంచుతాయి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 విటమిన్ తగ్గవచ్చు. పరీక్ష చేయిస్తే 148 వచ్చింది, ఉండాల్సిన 200 కంటే తక్కువ. థైరాయిడ్ బాగుంది. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి తిరిగొచ్చి కూర్చోవడానికి 14.5 సెకన్లు పట్టింది. 12 దాటితే పడిపోయే అవకాశం ఎక్కువని లెక్క.

వినికిడి పరీక్షలో కుడిచెవి సగటు 48 డెసిబెల్స్, ఎడమది 52. అంటే మధ్యస్థ లోపం, అందులోనూ సన్నటి శబ్దాల దగ్గర ఎక్కువ. పాలు పొంగే చప్పుడు, కుళాయి కారే చప్పుడు, పక్కింటి పిల్లల కేకలు, మనవడి గొంతు, ఇవన్నీ ఆ సన్నటి వైపే ఉంటాయి. ఇల్లు ఆమెకు మూగబోయింది. బయటి నుంచి పిలిచే శబ్దం ఏదీ లేనప్పుడు మనసు లోపలే తిరుగుతుంది.

అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏది పనిచేసిందో తెలియదు, ఏదైనా వికటిస్తే దేనివల్లో కూడా తెలియదు. అందుకని మొదటి వారం జలుబు మాత్రలు మానిపించి, ఫిజీషియన్ చేత బి12 ఇంజెక్షన్లు మొదలుపెట్టించాం. మూడో వారం చెవి యంత్రాలు. ఆరో వారం నిద్ర, ఆల్ప్రజోలమ్. కుంగుబాటుకు మందు వేయాలా అని ఫిజీషియన్‌తో చర్చించాం. స్కోరు మరీ ఎక్కువగా లేదు, ఈ వయసులో ఆ మందులతో సోడియం పడిపోయే ప్రమాదం ఉంది, సరిదిద్దగల కారణాలు చేతిలో ఉన్నాయి. ఎనిమిది వారాలు ఆగి చూద్దామనుకున్నాం.

చెవి యంత్రాలు

చాలా ఇళ్లలో చెవి యంత్రం బీరువాలో ఉంటుంది. కారణం, మొదటి రోజే పొద్దున్నుంచి రాత్రిదాకా పెట్టుకోవడం. ఏళ్లుగా నిశ్శబ్దానికి అలవాటుపడిన మెదడుకు గిన్నెల చప్పుడు గొడ్డలి దెబ్బలా ఉంటుంది. టీచరుగారికి మొదటి వారం రోజుకు గంటసేపే, అదీ హాల్లో ఒక్కరే ఉన్నప్పుడు. రెండో వారం రెండు గంటలు, ఒక మనిషితో మాట్లాడుతూ. మూడో వారం వంటింట్లో. నాలుగో వారానికి ఎనిమిది గంటలకు చేరారు. రెండో వారంలో "తల పగిలిపోతోంది, తీసేస్తా" అన్నారు. వినికిడి నిపుణులైన ఆడియాలజిస్టు పెద్ద శబ్దాల పరిమితిని కొంచెం తగ్గించారు, వాడకం మానిపించలేదు.

చిన్న చిన్న విషయాలే పెద్ద అడ్డంకులవుతాయి. గోధుమరంగు స్టిక్కరున్న 312 సైజు బ్యాటరీ స్టిక్కరు తీసిన వెంటనే పెట్టకూడదు, గాలి తగలడానికి ఒక నిమిషం ఆగాలి. కోస్తాలో చెమ్మ ఎక్కువ, రాత్రిపూట సిలికా గింజలున్న డబ్బాలో పెట్టాలి. ఫోన్ రింగు సన్నటి సంగీతం కాకుండా బొంగురు గంటగా మార్చాం, ఆమెకు మిగిలిన వినికిడి ఆ వైపే ఉంది కాబట్టి.

హోరు పూర్తిగా పోలేదు. బయటి శబ్దాలు వచ్చాక అది వెనక్కు తగ్గింది. పాలు ఆ తర్వాత పొంగలేదు.

గడియారం, నిద్ర

నిద్ర పట్టిక రాయిస్తే రాత్రి 8:30కి మంచమెక్కి 5:30కి లేస్తున్నారు. తొమ్మిది గంటల్లో నిద్ర ఐదుంపావు. మిగతా సమయం మంచం మీద దిగులుకే పోతోంది. 1972లో మనస్తత్వవేత్త రిచర్డ్ బూట్‌జిన్ చెప్పిన సూత్రం ఇక్కడ సరిగ్గా సరిపోతుంది: మంచం నిద్రకే గుర్తుగా ఉండాలి. 10:45కు ముందు పడుకోవద్దు, 5 గంటలకు లేవాలి అన్నాం. ఆరుంపావు గంటల కంటే తగ్గించలేదు. ఈ వయసులో మరీ తగ్గిస్తే పగటి తూగుతో పడిపోతారు. నిద్ర రాకపోతే లేచి హాల్లోకి వెళ్లమని వయసులో ఉన్నవాళ్లకు చెబుతాం. ఈమెకు అది ప్రమాదం. మంచం పక్కనే చేతుల కుర్చీ, కిందగా చిన్న లైటు ఏర్పాటుచేసి ఆ కుర్చీలో కూర్చోమన్నాం. నిద్ర మంచం మీది సమయంలో 85 శాతం దాటిన వారం 15 నిమిషాలు కలిపాం.

పడకగది గడియారం గురించి అప్పుడు మాట్లాడాం. తీసేయమనలేదు. ఫోన్ విషయంలో నేర్చుకున్నది అదే: తీసేస్తే ఖాళీ అవుతుంది. కొడుకుతో కలిసి ఒక ఒప్పందం చేశాం. బుధ, ఆదివారాల్లో మన టైము ఉదయం 7 గంటలకు ఫోన్. అక్కడ ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర, మనవడు పడుకునే ముందు. రాత్రిపూట ఫోన్ హాల్లోనే ఛార్జింగులో ఉంటుంది, పిల్లలిద్దరి నంబర్లే మోగుతాయి. అత్యవసరమైతే కింద వాచ్‌మన్‌కు కొడుకే ఫోన్ చేస్తాడు. ఈ చివరి మాట ఒప్పందంలో లేకపోతే ఆమె ఫోన్ వదిలేవారు కాదు. గడియారం హాల్లోకి వచ్చింది.

వీడియోలో పిల్లలతో ఒకసారి కూర్చున్నాం. వాళ్ల ప్రశ్నలన్నీ తనిఖీలే: మందులేసుకున్నావా, తిన్నావా, తలుపేశావా. ప్రేమతో అడిగినవే, అయినా జవాబులన్నీ "ఆఁ" దగ్గరే ఆగుతాయి. "ఇప్పుడు ఏం చేస్తున్నావమ్మా, చూపించు" అని మొదలుపెట్టమన్నాం. చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా, అందుకోసం ఆమె చేయడం మొదలైంది.

ఆల్ప్రజోలమ్ ఒక్కసారిగా మానితే నిద్ర పూర్తిగా చెడుతుంది, ఒక్కోసారి మూర్ఛ రావచ్చు. ఫిజీషియన్ పర్యవేక్షణలో రెండు వారాలకొకసారి 0.125 చొప్పున, 0.25 మాత్రను సగం చేసి తగ్గించాం. తగ్గించిన ప్రతిసారీ మొదటి మూడు రాత్రులు చెడ్డగా ఉంటాయని ముందే క్యాలెండరులో గుర్తుపెట్టించాం. చివరి 0.125 దగ్గర నాలుగు వారాలు ఆగిపోయారు. తొందరపెట్టలేదు. మొత్తం ఎనిమిది వారాల్లో పూర్తయింది.

నాలుగున్నర పీరియడ్

దిగులును రోజంతా పరచుకోనివ్వకుండా దానికొక వేళ కేటాయించడం పాత పద్ధతే. సాయంత్రం 4:30 నుంచి 4:50 వరకు నోటుపుస్తకంలో రెండు వరుసలు: నా చేతిలో ఉన్నవి, లేనివి. మిగతా వేళల్లో వచ్చిన దిగులును ఒక్క మాటగా రాసుకుని ఆ వేళకు వాయిదా వేయాలి. ఆమె దానికి "నాలుగున్నర పీరియడ్" అని పేరు పెట్టారు. లెక్కల టీచరుకు వరుసలు నప్పాయి. ఫ్యాను మొదటి వరుసలో పడింది, మర్నాడే మెకానిక్ వచ్చాడు. కళ్లజోడూ మారింది.

భర్త పోయిన రాత్రి మాత్రం ఏ వరుసలోనూ ఇమడలేదు. అది దిగులు కాదు, దుఃఖం. దానికి మూడు సార్లు విడిగా కూర్చున్నాం. గడిచిన జీవితాన్ని పెద్దవాళ్లు తిరగేసుకోవడం చాదస్తం కాదు, అవసరమని మానసిక వైద్యుడు రాబర్ట్ బట్లర్ 1963లోనే రాశారు. వర్తమానంలో ఉండడమంటే గతాన్ని తుడిచేయడమని అనుకుని ఆ మాట రాగానే తప్పించే సలహాదారులు ఉన్నారు. అది తప్పు. ఆమె చేత ఆ రాత్రిని గంట గంటకూ చెప్పించాం. ప్రతి గంట దగ్గరా ఒకటే ప్రశ్న: అప్పటికి మీకు తెలిసింది ఏమిటి? షుగరున్నవాళ్లకు గుండెపోటు ఛాతీనొప్పి లేకుండా కడుపు ఉబ్బరంలా రావచ్చని ఆమెకు తెలిసింది దినకర్మ అయిన తర్వాత. ఆ తెలివిడితో ఆ రాత్రి నాటి తనను శిక్షించుకుంటున్నారు. మూడోసారి ఆమె ఏడ్చారు, అంతకుముందు రెండున్నరేళ్లలో అలా ఏడవలేదన్నారు.

చేతుల పని

ధ్యాసకు ఆధారం కావాలి, శ్వాస కుదరదు. కళ్లు తెరిచి, చేతులతో, తప్పు జరిగితే వెంటనే తెలిసేలా, పది పన్నెండు నిమిషాల్లో పూర్తయ్యే పని ఏదని వెతికాం. మార్చి నెల, మల్లెలు వచ్చాయి. ఒకప్పుడు మాల బాగా కట్టేవారట. "ఇప్పుడు పూలు నాకెందుకమ్మా" అన్నారు. ఇక్కడ మేం ఉపన్యాసం ఇవ్వలేదు. ఎవరి కోసం కడితే మీకు బాగుంటుందని అడిగాం. దేవుడి పటానికి, కింది ఫ్లాటు ఆడపిల్లకు అన్నారు.

60 మొగ్గలు, తడిపిన అరటినార. రెండు మొగ్గలు ఇటు, రెండు అటు, కాడలు కలిసిన చోట నార చుట్టి ముడి. మొత్తం 15 ముడులు. దారం వద్దన్నాం, కీళ్లనొప్పులున్న వేళ్లను కోస్తుంది. ముడి గట్టిగా బిగిస్తే కాడ తెగుతుంది, వదులైతే మొగ్గ జారుతుంది. మనసు ఎటైనా వెళ్లిందని ఆ మొగ్గే చెబుతుంది. జారితే మొదటి నుంచి మొదలుపెట్టవద్దు, తర్వాతి ముడికి వెళ్లాలి. ఈ నియమం ముఖ్యం. మొదటికి వెళితే అది మళ్లీ పరీక్ష అయిపోతుంది. వేళ సాయంత్రం ఐదు. దిగులు పీరియడ్ ముగియగానే చేతులకు పని ఉండాలన్నది ఒక కారణం. పొద్దుగూకితే మొగ్గలు విచ్చుకుంటాయి, వాటిని డిసెంబరుదాకా ఆపలేం అన్నది ఇంకొకటి.

పొద్దున కారిడార్‌లో 12 నిమిషాల నడక, వెనక పట్టీ ఉన్న చెప్పులతో, మడమ నేలకు ఆనడం గమనిస్తూ. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేవడం ఐదుసార్లు చొప్పున రెండు విడతలు.

జూలైలో మల్లెలు అయిపోయాయి. దీన్ని మేం ముందే ఊహించాల్సింది. పది రోజులు సాయంత్రాలు ఖాళీగా పోయి నిద్ర మళ్లీ చెడింది. తర్వాత గోంగూర ఒలవడం, చింతపండు గింజ తీయడం పెట్టుకున్నాం. చేమంతులు వచ్చాక మళ్లీ మాల.

కొలతలు, ఆ తర్వాత

ఆరు నెలలకు కుంగుబాటు స్కోరు 8 నుంచి 4కు వచ్చింది. జ్ఞాపకశక్తి పరీక్షలో ధ్యాసకు సంబంధించిన భాగం మెరుగైంది, మిగతావి తగ్గలేదు. లేచి నడిచొచ్చే సమయం 11.8 సెకన్లు. బి12 మామూలుకు వచ్చింది, ఇప్పుడు మాత్రలు. నిద్ర ఆరుంపావు గంటలు. వారానికి రెండు రాత్రులు ఇంకా 2 గంటలకు మెలకువ వస్తూనే ఉంది. కుంగుబాటు మందు అవసరం రాలేదు. అయితే బి12, వినికిడి, నిద్ర, దుఃఖం, వీటిలో దేని వాటా ఎంతో విడదీసి చెప్పలేం. వరుసగా మొదలుపెట్టినా ఫలితాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

వేసవికని గంట ముందుకు జరిపిన గడియారాలను నవంబరులో అమెరికాలో మళ్లీ గంట వెనక్కు జరిపారు. ఫోన్ వేళ మార్చాలా అని కొడుకు అడిగితే వద్దన్నాం. ఆమె రోజు కదలకూడదు. ఇక్కడ 7 అలాగే ఉంది, అక్కడ ఏడున్నర అయింది.

డిసెంబరులో పిల్లలొచ్చి మూడు వారాలున్నారు. వెళ్లాక పది రోజులు ఆమె బాగా కుంగారు, మాల కట్టలేదు. రాకకు సిద్ధం చేశాం, పోకకు చేయలేదు. ఇప్పుడు ఇలాంటి కేసుల్లో పిల్లలు బయల్దేరే తేదీ తెలియగానే, ఆ తర్వాతి మూడో రోజుకు మా దగ్గర అపాయింట్‌మెంటు, మొదటి వారానికి పక్కింటివాళ్లతో ఒక పూట భోజనం ముందే రాయిస్తున్నాం. కొత్తగా వచ్చే ప్రతివారినీ మొదటి రోజే అడుగుతున్న ప్రశ్నలు కూడా నాలుగు చేరాయి: మందుల సంచీ తెచ్చారా, చెవులు పరీక్ష చేయించి ఎన్నాళ్లయింది, ఎవరి ఆఖరి ఘడియలైనా దగ్గరుండి చూశారా, మీ పడకగదిలో గడియారం ఏ టైము చూపిస్తుంది.

జనవరి చివరికి టీచరుగారు మళ్లీ పాత వరుసలోకి వచ్చారు. తర్వాతి వినికిడి పరీక్ష మార్చిలో. మమ్మల్ని కలిసేది మూడు నెలలకొకసారి.